సగంలో ఆగిన చదువు వృథా కాదు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల 75 సంవత్సరాలు నిలిచి వెలగడం సామాన్యమైన విషయం కాదు. అందునా మరాఠీ రాజభాషగా గల రాష్ట్రంలో, తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు స్థిరపడిన షోలాపూర్‌లో, తెలుగు మాధ్యమంలో బోధిస్తూ తరాలను తీర్చిదిద్దడం మరింత అరుదైన విషయం. ఇటువంటి ఉత్సవాలలో వైద్యులైనవారిని, ఇంజనీర్లైనవారిని, ఉన్నతోద్యోగులైనవారిని సన్మానించుకోవడం ఆనవాయితీ. అది ఉచితమే. అయితే ప్రతి తరగతి హాజరుపట్టీలోను మరికొన్ని పేర్లుంటాయి. కళాశాలలో చేరి, ఒక సంవత్సరమో రెండు సంవత్సరాలో చదివి, తండ్రి మంచాన పడినందువలననో, పవర్‌లూమ్ కార్ఖానాలో పని దొరికినందువలననో, పెండ్లి కుదిరినందువలననో చదువు మానుకొన్నవారి పేర్లవి. వారు సన్మాన వేదికల మీద కనిపించరు. ఎంతవరకు చదువుకొన్నారని ఎవరైనా అడిగితే, డిగ్రీ మధ్యలో ఆగిపోయిందని తల వంచుకొని సమాధానం చెబుతారు. ఈ ప్రసంగం ప్రధానంగా వారిని ఉద్దేశించినది.

నేతగాని ఇంట పుట్టినవారికి ఒక సంగతి తెలుసు. మగ్గం మీద బట్ట సగంలో ఆగితే ఎవ్వరూ దానిని కోసి పారవేయరు. నేసినంత మేర నేసినట్టే ఉంటుంది. పడుగు తెగితే పోగు పోగూ ముడివేసి, ఆగినచోటి నుండే నేత మళ్ళీ మొదలుపెడతారు. చదువు విషయంలో మాత్రం చాలాకాలం వేరు న్యాయం నడిచింది. మూడేండ్ల డిగ్రీలో రెండేండ్లు చదివి పరీక్షలు గట్టెక్కినవానికీ, కళాశాల గడప తొక్కనివానికీ లోకం దృష్టిలో తేడా లేకపోయింది. ఉద్యోగ దరఖాస్తులో ఇద్దరూ పన్నెండవ తరగతి అనే వ్రాసుకోవలసి వచ్చేది. ఆ న్యాయం ఇప్పుడు మారుతున్నది. ఎంతవరకు మారింది, ఎక్కడ మారలేదు, ఆ మార్పును ఒక వ్యక్తి తన జీవితానికి తగినట్టు ఎట్లా ఉపయోగించుకోవచ్చు అన్నదే ఇక్కడి విషయం.

క్రెడిట్ అనే కొలత

ముందుగా ఒక మాటను స్పష్టం చేయాలి. చదువులో క్రెడిట్ అంటే అప్పు కాదు. బట్టను గజాలలో కొలిచినట్టు, చదువును కొలిచే కొలత అది. 2023లో భారతదేశంలో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం 30 గంటల అధ్యయనం ఒక క్రెడిట్. ఈ 30 గంటలలో తరగతిలో కూర్చున్న సమయమే గాక, ప్రయోగశాలలో చేసిన పని, ఇంటి వద్ద చదివిన చదువు, పరీక్షకు సిద్ధమైన కాలం అన్నీ చేరి ఉంటాయి. సంవత్సరానికి 1200 గంటలు, అనగా 40 క్రెడిట్లు. మూడేండ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేండ్ల ఆనర్స్ డిగ్రీకి కనీసం 160 క్రెడిట్లు కావాలి. పరీక్షలో ఉత్తీర్ణత పొందితేనే క్రెడిట్ లభిస్తుంది. తరగతిలో కూర్చున్నంత మాత్రాన లభించదు.

ఈ కొలత అమెరికాలో రూపుదిద్దుకొన్నది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి 1869 నుండి 1909 వరకు అధ్యక్షుడుగా ఉన్న చార్లెస్ ఎలియట్, విద్యార్థులు తమ పాఠ్యాంశాలను తామే ఎన్నుకొనే పద్ధతిని విస్తరింపజేశాడు. ఎవరికి వారు వేర్వేరు పాఠాలు చదివినప్పుడు అందరి చదువునూ కొలవడానికి ఒక సాధనం అవసరమయింది. 1905లో ఏర్పడిన కార్నెగీ ఫౌండేషన్ కళాశాల అధ్యాపకులకు పింఛను పథకం ప్రారంభించి, అందులో చేరదలచిన కళాశాలలకు కొన్ని షరతులు పెట్టింది. ఆ షరతుల వెంట గంటల లెక్క కూడ దేశమంతటా వ్యాపించింది. ఉపాధ్యాయుల పింఛను కొరకు పుట్టిన లెక్క, విద్యార్థి చదువును ఒకచోటి నుండి మరొకచోటికి మోసుకొనిపోయే సంచి కావడం చరిత్రలోని విచిత్రం.

ఆ సంచిని నిండుగా వాడుకొన్న సంస్థ ఒకటున్నది. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 1971లో ఎంపైర్ స్టేట్ కళాశాలను స్థాపించింది. 2023 నుండి అది ఎంపైర్ స్టేట్ విశ్వవిద్యాలయంగా వ్యవహరింపబడుతున్నది. ఉద్యోగాలు చేసుకొనేవారు, సంసార భారం మోసేవారు అక్కడ ప్రధాన విద్యార్థులు. అక్కడి పద్ధతిలో విద్యార్థి ఒక అధ్యాపక మార్గదర్శితో కలిసి కూర్చుంటాడు. గతంలో ఏ కళాశాలలో ఏయే పాఠాలు ఉత్తీర్ణుడయినాడు, ఉద్యోగంలో నేర్చుకొన్న దానిలో కళాశాల స్థాయికి తగినదేది, సాధించదలచిన డిగ్రీకి ఇంకా ఏమి కావాలి అని విడదీసి, మిగిలిన చదువుకు ఒక ప్రణాళిక వ్రాస్తాడు. అంతటితో సరిపోదు. ఆ ప్రణాళిక ఎందుకు అట్లా ఉన్నదో సమర్థిస్తూ ఒక వ్యాసం కూడ వ్రాయాలి. అధ్యాపకుల సంఘం పరిశీలించి ఆమోదించిన తరువాతనే అది డిగ్రీ ప్రణాళిక అవుతుంది.

ఈ పద్ధతిలో గ్రహింపదగిన సత్యం ఒకటున్నది. పాత క్రెడిట్లను కుప్పగా పోస్తే డిగ్రీ కాదు. వాటికి ఒక ఉద్దేశం, ఒక క్రమం ఉండాలి. వ్యక్తికి తగినట్టుగా మలచిన డిగ్రీ అంటే, సులువైన పాఠాలు ఏరుకొన్న డిగ్రీ అని అర్థం కాదు.

భారతదేశంలో తెరుచుకొన్న ద్వారాలు

ఈ దేశంలో మొదటి ద్వారం తెలుగు నేల మీదనే తెరుచుకొన్నది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అది భారతదేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పాఠశాల చదువు పూర్తి కానివారికి సైతం అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించి, తెలుగులో పాఠ్యపుస్తకాలు ముద్రించి ఇంటికి చేర్చింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి కూడ వారే మొదటి ఉపాధ్యక్షులయినారు. మహారాష్ట్రలో 1989లో నాసిక్ కేంద్రంగా యశ్వంతరావ్ చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, కర్ణాటకలో 1996లో మైసూరు కేంద్రంగా మరొకటి వెలిశాయి. పని చేసుకొంటూ చదువుకోవచ్చునన్న మాట ఈ సంస్థల వలన ఇంటింటికీ తెలిసింది.

అయితే ఒక సంస్థలో సగం చదివినది మరొక సంస్థలో చెల్లుబాటు కావడం అరుదుగానే జరిగేది. ఆ లోటును పూరించే ప్రయత్నం 2020 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యా విధానంతో మొదలయింది. దానిని అనుసరించి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అనగా యూజీసీ, 2021 జూలైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలను ప్రకటించింది. దీనిని తెలుగులో చదువుల ఖాతా అనుకోవచ్చు. బ్యాంకులో పొదుపు ఖాతా వలె ప్రతి విద్యార్థికీ ఒక సంఖ్యతో ఖాతా తెరుస్తారు. విద్యార్థి ఉత్తీర్ణుడయిన పాఠాల క్రెడిట్లను కళాశాల గాని విశ్వవిద్యాలయం గాని అందులో జమ చేస్తుంది. విద్యార్థి స్వయంగా జమ చేయలేడు. ఒక డిగ్రీ కొరకు వాడుకొన్న క్రెడిట్లు ఖాతా నుండి తీసివేయబడతాయి. వాటిని రెండవసారి వాడుకోవడానికి వీలులేదు.

ఆ నిబంధనలలో మూడు హద్దులను ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవాలి. మొదటిది, 2021-22 విద్యాసంవత్సరంలో గాని, ఆ తరువాత గాని సంపాదించిన క్రెడిట్లే ఈ ఖాతాకు అర్హమైనవి. రెండవది, జమ అయిన క్రెడిట్లకు గరిష్ఠంగా ఏడేండ్ల ఆయుష్షు. మూడవది, డిగ్రీ ప్రదానం చేసే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలి. వీటికి తోడు, ఖాతాలో క్రెడిట్లున్నంత మాత్రాన ఏ కళాశాలా ప్రవేశం ఇచ్చి తీరవలెనన్న నియమం లేదు. ఖాళీ ఉండాలి, పాఠ్యాంశాలు పొసగాలి, ఆ సంస్థ అంగీకరించాలి.

2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన డిగ్రీ పాఠ్యక్రమ నమూనా ప్రకారం, మొదటి సంవత్సరం 40 క్రెడిట్లతో ముగించి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి పాఠం చదివినవారు సర్టిఫికెట్‌తో వెలుపలికి రావచ్చు. రెండవ సంవత్సరం 80 క్రెడిట్లతో ముగించి, అదే విధంగా వృత్తి పాఠం చదివినవారు డిప్లొమాతో రావచ్చు. వచ్చినవారు మూడేండ్లలోగా తిరిగి చేరి, మొత్తం ఏడేండ్లలో డిగ్రీ పూర్తి చేయవచ్చు.

ఒక లెక్క

నియమాలు వినడం వేరు, వాటిని ఒక జీవితానికి అన్వయించడం వేరు. అందువలన ఒక విద్యార్థినిని ఊహించుకోవడం మేలు. ఆమె 2022లో కామర్స్ డిగ్రీలో చేరి రెండేండ్లు చదివినది. 2024లో వివాహమయింది. రెండు పాఠాలు తప్పినందువలన 80 క్రెడిట్లకు బదులు 72 మాత్రమే చేతికి వచ్చాయి. 2026లో చంటిబిడ్డను అత్తగారికి అప్పగించి, చదువు పూర్తి చేయాలని సంకల్పించినది.

యూజీసీ నమూనాలో మూడేండ్ల డిగ్రీకి చెందిన 120 క్రెడిట్లు ఇట్లా ఉంటాయి. ప్రధాన విషయానికి 60, ఉప విషయానికి 24, ఇతర శాస్త్రాల పరిచయానికి 9, భాషలకు 8, నైపుణ్యాలకు 9, విలువల పాఠాలకు, క్షేత్రానుభవానికి కలిపి 10. విశ్వవిద్యాలయాలు తమ తమ అవసరాలను బట్టి ఈ అంకెలను కొంత మార్చుకొన్నాయి గాని, లెక్క వేసే తీరు ఒక్కటే. ఆమె దగ్గర కామర్స్‌లో 36, ఉప విషయమైన అర్థశాస్త్రంలో 12, ఇతర శాస్త్రాలలో 9, భాషలలో 8, నైపుణ్యాలలో 3, విలువల పాఠాలలో 4 ఉన్నాయనుకొందాము. మొత్తం 72.

ఆమె ఎదుట మూడు దారులున్నాయి. మొదటి దారి, పాత కళాశాలకే తిరిగి వెళ్ళి కామర్స్‌లోనే కొనసాగడం. అప్పుడు 72 క్రెడిట్లూ చెల్లుతాయి. మిగిలినవి 48. రెండవ దారి, అత్తవారి ఊరిలోని కళాశాలలో కామర్స్‌లోనే చేరడం. అక్కడ సగం క్రెడిట్ల నియమం అడ్డువస్తుంది. 120లో 60 ఆ కొత్త సంస్థలోనే చదవాలి. కనుక పాత 72లో 60 మాత్రమే పనికివస్తాయి, 12 పక్కన పడతాయి. మూడవ దారి, కొత్త కళాశాలలో ప్రధాన విషయాన్నే మార్చుకొని అర్థశాస్త్రం తీసుకోవడం. పైకి చూస్తే ఇది నష్టం కలిగించే దారి వలె తోస్తుంది. లెక్క వేస్తే సంగతి వేరుగా ఉంటుంది. పాత కామర్స్‌లో 24 క్రెడిట్లు ఉప విషయంగా మారతాయి, 12 మిగిలిపోతాయి. అర్థశాస్త్రంలోని 12 ప్రధాన విషయంలో చేరతాయి. మిగిలిన 24 యథాతథంగా చెల్లుతాయి. మొత్తం చెల్లినవి 60. చదవవలసినవి 60. అనగా ఊరు మారక తప్పనప్పుడు, ఇష్టమైన విషయానికి మారడం వలన ఆమెకు ఒక్క క్రెడిట్ కూడ అదనంగా నష్టం లేదు. ఈ సంగతి కాగితం మీద లెక్క వ్రాసుకొన్నప్పుడే బయటపడుతుంది. అయితే ఒక చిక్కున్నది. అర్థశాస్త్రంలో మిగిలిన 48 క్రెడిట్లు వరుసక్రమంలో చదవవలసినవి. మొదటి మెట్టు ఎక్కనిదే రెండవ మెట్టుకు అనుమతి ఉండదు. అందువలన ఏ సెమిస్టర్‌లో ఏ పాఠం బోధిస్తారో ముందే విచారించుకోవాలి.

ఇప్పుడు గంటల లెక్క. 48 క్రెడిట్లంటే 1440 గంటలు. 60 క్రెడిట్లంటే 1800 గంటలు. తరగతులతో కలిపి రోజుకు సగటున రెండు గంటలు దొరికితే మొదటి దారికి 720 రోజులు, మిగిలిన రెండు దారులకు 900 రోజులు పడతాయి. 2026 జూన్‌లో మొదలుపెడితే 900 రోజులు 2028 చివరికి పూర్తవుతాయి. ఏడేండ్ల గడువు 2029తో ముగుస్తుంది. వెసులుబాటు కొన్ని నెలలు మాత్రమే. బిడ్డకు జబ్బు చేసినా, ఒక పరీక్ష తప్పినా ఆ కొన్ని నెలలు కరిగిపోతాయి. కాబట్టి ఆమె చదువుకు అసలైన పెట్టుబడి ఫీజు కాదు, ఇంటిలోనివారు ఆమెకు విడిచిపెట్టే ఆ రెండు గంటలు. బీడీల చాట ముందు కూర్చుని కుటుంబానికి రోజుకూలీ సంపాదించిపెట్టే స్త్రీల పట్టణమిది. ఇక్కడ రెండు గంటలకు విలువ ఎంతో ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఖాతాకు అందని తరాలు

2021కి పూర్వం చదువు మానినవారి సంగతి ఏమిటని ఈ సభలో పలువురు మనసులోనే ప్రశ్నించుకొని ఉంటారు. సత్యాన్ని దాచడం మర్యాద కాదు. 1995లోనో 2010లోనో ఉత్తీర్ణులయిన పాఠాలను ఈ ఖాతాలో జమ చేయడానికి వీలులేదు. అయినా వారికి అన్ని దారులూ మూసుకొనిపోలేదు. పాత విశ్వవిద్యాలయం తన సొంత నియమాల ప్రకారం మిగిలిన పరీక్షలకు అనుమతి ఇస్తుందేమో లిఖితపూర్వకంగా విచారించవచ్చు. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మధ్యలో ఆపినవారు పునఃప్రవేశ నియమాలను అడిగి తెలుసుకోవచ్చు. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో మూడేండ్ల డిగ్రీకి ఆరేండ్ల వరకు గడువున్నది. ఆ గడువు దాటినవారికి, మిగిలిన పాఠాలకు రుసుము చెల్లించి తిరిగి ప్రవేశం పొందే ఏర్పాటు కూడ ఉన్నది. పన్నెండవ తరగతి కూడ పూర్తి కానివారికి, 1989లో ప్రారంభమైన జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ ఉన్నది.

ఏ దారీ కుదరనివారు కొత్తగా డిగ్రీలో చేరవలసి రావచ్చు. అప్పుడు కూడ పాత చదువు పూర్తిగా వ్యర్థం కాదు. క్రెడిట్ రూపంలో చెల్లకపోయినా జ్ఞాపకం రూపంలో చెల్లుతుంది. ఒకప్పుడు జమాఖర్చులు నేర్చి, ఇరవై ఏండ్లు దుకాణం లెక్కలు వ్రాసినవానికి ఆ పాఠం మరొకసారి చదవడం కష్టం కాబోదు. అదీగాక 2025లో యూజీసీ జారీ చేసిన నిబంధనలు, పనిలో నేర్చిన విద్యను పరీక్షించి గుర్తించే పద్ధతికీ, సామర్థ్యం గల సంస్థలు ఏడాదికి రెండుసార్లు ప్రవేశాలు జరుపుకోవడానికీ, డిగ్రీ కాలాన్ని విద్యార్థి వీలును బట్టి తగ్గించడానికీ పెంచడానికీ అవకాశం కల్పించాయి. ఏ సంస్థ వీటిని ఎంతవరకు అమలు చేస్తున్నదో అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం విద్యార్థిదే.

జాగ్రత్తలు

ప్రవాసాంధ్ర కుటుంబాల సంబంధ బాంధవ్యాలు రాష్ట్రాల హద్దులు దాటి ఉంటాయి. షోలాపూర్ ఆడపడుచు బళ్ళారి కోడలు కావచ్చు, చెన్నపట్నం కోడలు కావచ్చు. విద్యా విధానం మాత్రం అన్ని రాష్ట్రాలలో ఒక్క తీరుగా లేదు. కర్ణాటక 2021-22లో నాలుగేండ్ల పద్ధతిని ప్రవేశపెట్టి, 2024లో తిరిగి మూడేండ్ల డిగ్రీకి మరలింది. తమిళనాడు ప్రభుత్వం జాతీయ విద్యా విధానాన్ని అంగీకరించలేదు. కనుక ఊరు మారక ముందే, చేరబోయే కళాశాల పాత క్రెడిట్లను ఎన్నింటిని అంగీకరిస్తుందో కాగితం మీద వ్రాయించుకోవాలి. నోటిమాటను నమ్మి ప్రయాణం కట్టరాదు.

పేరు విషయంలో మరొక చిక్కున్నది. ఇది తెలుగువారికి ప్రత్యేకమైనది. తెలుగు ఆచారంలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తుంది. మహారాష్ట్ర పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. వివాహానంతరం తండ్రి పేరు స్థానంలో భర్త పేరు, పుట్టింటి పేరు స్థానంలో అత్తింటి పేరు చేరతాయి. పాఠశాల దాఖలాలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా, మార్కుల పత్రంలో ఇంకొక విధంగా ఉంటే, చదివినది తానేనని నిరూపించుకోవడమే ఒక పెద్ద పరీక్ష అవుతుంది. ఇప్పుడు పాఠశాల పిల్లలకు కూడ అపార్ అనే పన్నెండంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. రేపటి చదువుల ఖాతాకు అదే తాళంచెవి. తల్లిదండ్రులు బిడ్డ పేరును, పుట్టినతేదీని ఈనాడే అన్ని పత్రాలలో ఒక్క తీరుగా సరిచూచుకొంటే, పదేండ్ల తరువాతి కార్యాలయ ప్రదక్షిణలు తప్పుతాయి.

ఒకే ఏడాదిలో డిగ్రీ, ఒకే కూర్చోపులో మూడేండ్ల పరీక్షలు అని గోడల మీద అంటించే ప్రకటనలు ప్రతి పట్టణంలోను కనిపిస్తాయి. పైన చెప్పిన గంటల లెక్క తెలిసినవారు అటువంటి మాటకు లోబడరు. 1800 గంటల పనిని ఒక్క ఆదివారంలో చేయిస్తానన్నవాడు అమ్ముతున్నది చదువు కాదు. గుర్తింపు లేని విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ స్వయంగా ప్రకటిస్తూ ఉంటుంది. డబ్బు చెల్లించక ముందు దానిని చూడడం కనీస జాగ్రత్త.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు

కొత్త విధానంలో ఒక ప్రమాదం కూడ దాగి ఉన్నది. ఏడాది చదివినా ఒక కాగితం చేతికి వస్తున్నప్పుడు, అది చాలులే, ఇక పెండ్లి చేద్దామన్న ఆలోచన కొన్ని ఇండ్లలో కలగవచ్చు. ఇంటికి సాయపడతాడన్న ఆశతో కొడుకును కార్ఖానాకు పంపడానికి కూడ అదే సాకు కావచ్చు. వెలుపలికి వచ్చే ద్వారాన్ని ప్రభుత్వం కష్టకాలం కొరకు తెరిచింది, వాడుక కొరకు కాదు. ఆ ద్వారం పక్కనే లోపలికి వెళ్ళే ద్వారం కూడ ఉన్నది. మొదటిదానిని వాడుకొన్న కుటుంబం రెండవదానిని మూసివేయరాదు. సంబంధం మాట్లాడుకొనేటప్పుడు కట్నకానుకల గూర్చి కాక, అమ్మాయికి మిగిలిన క్రెడిట్లెన్ని, వాటిని ఎప్పటిలోగా, ఎక్కడ పూర్తి చేయిస్తారు అని అడిగే రోజు రావాలి. అడిగితే తప్పుపట్టే వియ్యంకులకంటే, విని ఆలోచించే వియ్యంకులే ఎక్కువమంది ఉంటారు.

ఉపాధ్యాయుల పాత్ర పదవ తరగతితో ముగియదు. కొత్త పద్ధతిలో ఖాతా ఉన్నది, సంఖ్య ఉన్నది, నిబంధనలున్నాయి. లేనిది పక్కన కూర్చుని లెక్క వేసి చూపించే మనిషి. న్యూయార్క్ కళాశాలలో ఆ పనికి అధ్యాపక మార్గదర్శి ఉన్నాడు. ఇక్కడ ఆ స్థానాన్ని పాఠశాలయే పూరించవచ్చు. నెలకు ఒక ఆదివారం, ఒక బల్ల, రెండు కుర్చీలు, విషయం తెలిసిన ఒక ఉపాధ్యాయుడు గాని పూర్వ విద్యార్థి గాని ఉంటే చాలు. వచ్చినవారి మార్కుల పత్రాలు చూచి, ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్ళు గీయాలి. మొదటి గడిలో ఉన్న క్రెడిట్లు, రెండవ గడిలో డిగ్రీకి కావలసినవి, మూడవ గడిలో మిగిలినవి, నాలుగవ గడిలో వాటికి పట్టే గంటలు, రుసుము, గడువు. కాగితం అడుగున ఒకే ఒక్క వాక్యం వ్రాయించాలి: ఈ డిగ్రీ దేనికొరకు? ఉద్యోగంలో పదోన్నతికా, ఉపాధ్యాయ శిక్షణకు అర్హత కొరకా, పిల్లల ముందు తల ఎత్తుకొని నిలబడడానికా? ఏ సమాధానమైనా గౌరవనీయమైనదే. సమాధానం లేకుండా మొదలుపెట్టిన చదువు మాత్రం మరొకసారి సగంలో ఆగిపోతుంది.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు కళాశాలలో మరాఠీ, ఇంగ్లీషుల మధ్య తడబడి, మొదటి సంవత్సరంలోనే వెనుదిరగడం కొత్త సంగతి కాదు. పైన చెప్పిన నమూనాలో భాషలకు కేటాయించిన 8 క్రెడిట్లలో ఆధునిక భారతీయ భాషలకు స్థానమున్నది. తెలుగు బోధించే ఏర్పాటు గల చోట తెలుగును ఎన్నుకోవచ్చు. దగ్గరి కళాశాలలలో ఆ ఏర్పాటు కొరకు పాలక సంఘాలు విన్నపాలు పంపితే, వాటికి బలం చేకూర్చేది చేరడానికి సిద్ధంగా ఉన్న విద్యార్థుల సంఖ్యయే. ప్రభుత్వం నడిపే స్వయం అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా ఒక సెమిస్టర్‌లోని పాఠాలలో 40 శాతం వరకు చదవడానికి 2021 నిబంధనలు సంస్థలకు వీలు కల్పించాయి. ఇల్లు కదలలేనివారికి అది కూడ ఒక ఆధారం.

ప్లాటినం జూబిలీ నాడు ఒక పాఠశాల తన పూర్వ విద్యార్థులకు జ్ఞాపికలు ఇస్తుంది, శాలువాలు కప్పుతుంది. వీటితో పాటు, చదువు మధ్యలో ఆపినవారి పేర్లతో ఒక పట్టిక తయారు చేయగలిగితే, వచ్చే ఏడాది వార్షికోత్సవం నాటికి వారిలో కనీసం ఒక్కరిని తిరిగి కళాశాల గడప ఎక్కించగలిగితే, ఈ ఉత్సవానికి నిజమైన సార్థకత సిద్ధిస్తుంది. ఆ ఒక్కరు పట్టా పుచ్చుకొని వచ్చిన నాడు, ఇదే వేదిక మీద, వైద్యుల సరసన, ఇంజనీర్ల సరసన వారికి కూడ శాలువా కప్పాలి. ఆలస్యంగా పూర్తయిన బట్ట విలువ అంగడిలో తక్కువ కాదు. నేత గట్టిదా కాదా అన్నదే చూస్తారు.

తెలుగు అక్షరాన్ని ఈ గడ్డ మీద 75 సంవత్సరాలుగా కాపాడుకొంటూ వస్తున్న పాలకులకు, ఉపాధ్యాయులకు, పోషకులకు అభివందనాలు. ఈ సరస్వతీ నిలయం శతవార్షికోత్సవం దిశగా సాగిపోవాలని, ఆ సభకు నేడు చదువు ఆపివేసి ఉన్నవారు పట్టభద్రులై విచ్చేయాలని ఆకాంక్ష.